ఆటిజం, క్వీర్ గుర్తింపు, నైతికత: ‘లౌక్యం’ తెలియకపోవడం లోపమేనా?

ఎవరూ చూడడం లేదని తెలిస్తే ఒకలా, నలుగురూ చూస్తున్నారని తెలిస్తే మరోలా నడుచుకోవడం లోకసహజం. అమెరికాలోని కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు, జపాన్ శాస్త్రవేత్తలతో కలిసి ఈ సహజత్వాన్నే పరీక్షకు పెట్టి 2011లో ఫలితాలు ప్రచురించారు. చేతిలో ఉన్న డబ్బును దాతృత్వ సంస్థకు ఇస్తారా, తామే ఉంచుకుంటారా అని కొందరిని పదే పదే అడిగారు. కొన్నిసార్లు పక్కన ఒక పరిశీలకుడు ఉన్నాడు, కొన్నిసార్లు లేడు. పరిశీలకుడు ఉన్నప్పుడు ఆటిజం లేనివారి చేతులు కాస్త ధారాళంగా తెరుచుకున్నాయి. ఆటిజం ఉన్నవారు ఇచ్చిన విరాళాల్లో మాత్రం ఆ తేడా కనిపించలేదు.

పదేళ్ల తరువాత ఫ్రాన్స్, బ్రెజిల్ శాస్త్రవేత్తలు పాల్గొన్న మరో అధ్యయనం ‘జర్నల్ ఆఫ్ న్యూరోసైన్స్’లో వచ్చింది. ఈసారి ఎర వేరు. ఒక చెడ్డ కార్యానికి సాయపడేందుకు ఒప్పుకుంటే ఆ వ్యక్తికి కూడా డబ్బు దక్కుతుంది. ఆటిజం లేనివారు చాటున ఉన్నప్పుడు ఒకలా, ఇతరులు చూస్తున్నప్పుడు మరోలా నిర్ణయించుకున్నారు. ఆటిజం ఉన్నవారు చాటునైనా, బహిరంగంగానైనా ఆ సొమ్మును ఎక్కువగా కాదన్నారు. విచిత్రం ఫలితంలో లేదు, దాని వ్యాఖ్యానంలో ఉంది. తమకు లాభం కలిగే చోట కూడా నియమాన్ని సడలించలేని బిగుసుతనంగా, అక్రమార్జన గురించిన మితిమీరిన ఆందోళనగా పరిశోధకులు దీన్ని వర్ణించారు. లంచం తీసుకోకపోవడాన్ని కూడా రోగలక్షణాల జాబితాలో చేరుస్తారా అని ఆటిజం ఉన్నవారు సామాజిక మాధ్యమాల్లో నిలదీశారు.

తెలుగులో ఈ వివాదానికి తగిన మాట ఒకటి ఎప్పటి నుంచో ఉంది: లౌక్యం. ‘లౌక్యం తెలిసినవాడు’ అంటే మెప్పు, ‘లౌక్యుడు’ అంటే కొంచెం అనుమానం. ‘లౌక్యం తెలియదు’ అనే మాటలో జాలి, అభిమానం, విసుగు మూడూ కలిసి ఉంటాయి. ఆటిజం ఉన్న పెద్దల గురించి వైద్యులు రాసే నివేదికల్లో కనిపించేది దాదాపు ఈ మాటే, కాకపోతే శాస్త్ర పరిభాషలో.

ఇదే ప్రశ్న ఇప్పుడు మరో రంగంలోకి వచ్చింది. ఆటిజం ఉన్నవారిలో స్వలింగ, ద్విలింగ ఆకర్షణ గలవారు, లైంగిక ఆకర్షణే లేనివారు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు మిగతా జనాభాలో కంటే ఎక్కువ పాళ్లలో ఉన్నారని ఒకదాని వెంట ఒకటిగా అధ్యయనాలు చెబుతున్నాయి. దీని అర్థం ఏమిటన్న చర్చ ప్రయోగశాల దాటి న్యాయస్థానాలకు, ఇళ్లలోకి వెళ్లింది.

అంకెలు చెప్పేది ఎంత?

ఆటిజం అంటే మెదడు ఎదుగుదలలో పుట్టుకతో వచ్చే భిన్నత్వం. 2021 నాటికి ప్రపంచంలో సుమారు 127 మందిలో ఒకరికి ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మాటలే రాని పిల్లవాడు, విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే ఆచార్యుడు ఇద్దరూ ఇదే స్పెక్ట్రమ్‌లో ఉండవచ్చు. ఇక ‘క్వీర్’ అనేది ఒకప్పుడు ఇంగ్లిష్‌లో తిట్టు. స్త్రీ పురుషుల మధ్య ఆకర్షణ, పుట్టినప్పుడు నమోదైన లింగం అనే రెండు చట్రాల్లో ఇమడని వారంతా ఇప్పుడు ఆ పదాన్ని తమకు తామే పెట్టుకున్న ఉమ్మడి పేరుగా వాడుతున్నారు.

ఈ రెండింటి కలయికపై తొలి గట్టి ఆధారాల్లో ఒకటి 2010లో నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని జెండర్ క్లినిక్‌కు వచ్చిన 204 మంది పిల్లలు, కౌమారులను పరిశీలిస్తే 7.8 శాతం మందికి ఆటిజం ఉన్నట్లు తేలింది. సాధారణ జనాభాలోని అంచనాలకు అది ఎన్నో రెట్లు. 2020లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు వరుణ్ వారియర్ బృందం ఐదు వేర్వేరు సమాచార నిధుల నుంచి 6 లక్షల 40 వేల మందికి పైగా వ్యక్తుల వివరాలను విశ్లేషించింది. ట్రాన్స్‌జెండర్, జెండర్ వైవిధ్యం గల పెద్దల్లో ఆటిజం నిర్ధారణ ఉండే అవకాశం ఇతరుల కంటే 3 నుంచి 6 రెట్లు ఎక్కువని అందులో తేలింది. అదే విశ్వవిద్యాలయం నుంచి 2021లో వచ్చిన మరో సర్వే లైంగిక ఆకర్షణను పరిశీలించింది. ఆటిజం ఉన్నవారు తమను అలైంగికులుగానో, జాబితాలో లేని ‘ఇతర’ వర్గంగానో చెప్పుకునే అవకాశం సుమారు 8 రెట్లు ఎక్కువని పేర్కొంది.

ఈ అంకెలను చూడగానే ఒక సందేహం రావాలి. ఆన్‌లైన్ సర్వేలకు స్వచ్ఛందంగా వచ్చేవారు జనాభాకు నమూనా కారు. తమ గురించి మాట్లాడేందుకు సిద్ధంగా ఉన్నవారే ఎక్కువగా వస్తారు. అందుకే 2018లో స్వీడన్ నుంచి వచ్చిన అధ్యయనానికి విలువ ఎక్కువ. స్టాక్‌హోమ్ ప్రాంతంలో ప్రజారోగ్య సర్వే కోసం ఎంపికైన 47 వేల మందికి పైగా పెద్దల సమాధానాలు దానికి ఆధారం. అక్కడ తేడా అంత భారీగా లేదు గానీ దిశ అదే. ఆటిజం లక్షణాలు ఎక్కువగా ఉన్నవారిలో ద్విలింగ ఆకర్షణ చెప్పినవారి పాలు ఎక్కువ. అన్నిటికంటే స్పష్టంగా కనిపించిన తేడా, ఇచ్చిన మూడు గడుల్లో ఏదీ తమకు సరిపోదని చెప్పినవారిలో. ప్రశ్నాపత్రంలోని గడులతోనే పేచీ పెట్టుకునేవారు ఆటిజం సమూహంలో ఎక్కువగా ఉండడం ఆ సమూహాన్ని ఎరిగినవారికి ఆశ్చర్యం కలిగించదు.

కారణం ఏమిటన్నది తేలలేదు. గర్భస్థ దశలో పురుష హార్మోన్ల ప్రభావమనే సిద్ధాంతాన్ని కొందరు ముందుకు తెచ్చారు. ఆ సిద్ధాంతం ట్రాన్స్ పురుషుల విషయంలో కొంత పొసగినట్లు అనిపించినా, ట్రాన్స్ స్త్రీలలోనూ ఆటిజం ఎక్కువగా ఎందుకు ఉందో చెప్పలేకపోయింది. ఆటిజాన్ని కొలిచే ప్రశ్నావళులే తికమక పెడుతున్నాయన్నది మరో వాదన. ‘నలుగురిలో కలవడం కష్టంగా ఉంటుందా’ అని అడిగితే, బడిలో ఏళ్ల తరబడి వెక్కిరింతకు గురైన ట్రాన్స్ యువతి కూడా అవుననే చెబుతుంది. ఈ అభ్యంతరంలో పస ఉంది. అయితే వైద్యులు నిర్ధారించిన ఆటిజాన్ని మాత్రమే లెక్కించిన చోట కూడా ఎక్కువ పాళ్లే కనిపించాయి గనుక అదొక్కటే సరిపోదు.

మూడో వివరణ విరాళాల ప్రయోగానికి దగ్గరది. ఆడపిల్ల ఇలా ఉండాలి, మగవాడు అలా ఉండాలి అనే సంగతులు చాలావరకు ఎవరూ చెప్పకుండానే, చూపులతో, మౌనంతో పిల్లలకు అందుతాయి. ఆటిజం ఉన్న పిల్లలకు ఆ చూపుల భాష సరిగా అందదు, లేదా అందినా అందులోని తర్కం వారికి బోధపడదు. కాబట్టి లోపలి అనుభూతికీ బయటి మాటకూ మధ్య ఉండే జల్లెడ వారిలో పలుచన. ఈ లెక్కన ఆటిజం ఎవరినీ క్వీర్‌గా మార్చదు. ఉన్నదాన్ని దాచిపెట్టే అలవాటు మిగతావారిలో బలంగా ఉంటుంది. మూడింటిలో ఇదే ఎక్కువ నమ్మదగినదిగా కనిపిస్తుంది. కానీ దీన్ని ‘వారికి లోకం పట్టదు’ అనేంత దూరం లాగితే మాత్రం అబద్ధమవుతుంది. లోకం పట్టే కదా, ఆటిజం ఉన్న ఎందరో ఆడపిల్లలు తోటివారి నవ్వును, చేతుల కదలికను అద్దం ముందు సాధన చేసి నేర్చుకుంటారు. దీనికి పరిశోధకులు పెట్టిన పేరు ‘మాస్కింగ్’, అంటే ముసుగు వేసుకోవడం. 2018లో బ్రిటన్‌లో జరిగిన ఒక అధ్యయనం ఈ ముసుగుకూ, ఆటిజం ఉన్న పెద్దల్లో ఆత్మహత్య ఆలోచనలకూ సంబంధం ఉన్నట్లు గుర్తించింది. తన ప్రేమను దాచుకుంటూ బతికే స్వలింగ సంపర్కుడి అలసట కూడా ఇలాంటిదే. రెండూ ఉన్నవారికి రెండు ముసుగులు.

ఒకే ప్రయోగశాల, రెండు ‘చికిత్సలు’

ఈ రెండు గుర్తింపులకు చరిత్రలోనూ ఒక ఉమ్మడి చిరునామా ఉంది: లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం. ఆటిజం ఉన్న పిల్లలకు ప్రవర్తన శిక్షణ పద్ధతిని రూపొందించిన మనస్తత్వవేత్త ఓలే ఇవార్ లోవాస్ అక్కడ పనిచేశారు. 1987లో ఆయన ప్రచురించిన అధ్యయనంలో 19 మంది పిల్లలకు వారానికి సుమారు 40 గంటల శిక్షణ ఇచ్చారు. వారిలో 9 మంది ‘సాధారణ’ స్థాయికి చేరారని ప్రకటించారు. తోటివారిలో కలిసిపోయి వేరుగా కనిపించకుండా ఉండడమే విజయానికి కొలమానం. చప్పట్లు కొట్టినట్లు చేతులు ఆడించే పిల్లవాడు ఆ పని మానితే మెప్పు, మానకపోతే గట్టిగా ‘నో’, ఒక్కోసారి తొడపై దెబ్బ.

అంతకు 13 ఏళ్ల ముందే, 1974లో, లోవాస్ తన సహచరుడు జార్జ్ రెకర్స్‌తో కలిసి మరో పత్రం రాశారు. అది ఐదేళ్లు కూడా నిండని ఒక బాలుడి గురించి. అతనికి ఆటిజం లేదు. బొమ్మలతో ఆడుకోవడం, ఆడపిల్లలా నడవడం అతని ‘సమస్యలు’. మగపిల్లవాడిలా ప్రవర్తిస్తే నీలం టోకెన్, ఆడపిల్లలా ప్రవర్తిస్తే ఎరుపు టోకెన్. నీలానికి బహుమతులు, ఎరుపుకు తండ్రి చేతి దెబ్బలు. పెద్దయ్యాక స్వలింగ సంపర్కుడో, ట్రాన్స్‌జెండరో కాకుండా నివారించడం దాని ఉద్దేశం. ఆ పత్రాన్ని ప్రచురించిన ‘జర్నల్ ఆఫ్ అప్లయిడ్ బిహేవియర్ అనాలిసిస్’ 2020లో, అంటే 46 ఏళ్ల తరువాత, దానిపై ఆందోళన వ్యక్తం చేస్తూ ప్రకటన వెలువరించింది. అప్పటికి పరిశోధన వల్ల జరిగిన నష్టం గురించి ఆ బాలుడి కుటుంబమే బహిరంగంగా మాట్లాడి చాలా కాలమైంది.

లోవాస్ పద్ధతి వారసులు ఇవాళ ప్రపంచమంతటా ఉన్నారు. భారతీయ నగరాల్లోని అనేక కేంద్రాల్లోనూ ‘ఏబీఏ’ పేరుతో అది నడుస్తోంది. దెబ్బలను వదిలేసి, పిల్లల ఇష్టాన్ని గౌరవించే శిక్షకులు ఇప్పుడు చాలామంది. పళ్లు తోముకోవడం, రోడ్డు దాటడం, ఆకలిని వేలితో చూపి చెప్పడం నేర్పిన శిక్షకులకు రుణపడి ఉన్నామనే తల్లిదండ్రులూ ఉన్నారు. వారి మాట అబద్ధం కాదు. ఆటిజం ఉన్న పెద్దలు లేవనెత్తే అభ్యంతరం మరోచోట ఉంది. పెద్దలు చెప్పినదానికల్లా తలూపడమే మంచితనమని ఏళ్ల తరబడి నేర్పిన బిడ్డ, తన శరీరం విషయంలో ఎవరికైనా ‘వద్దు’ అని ఎలా చెబుతుందన్నది వారి ప్రశ్న. కళ్లలోకి చూడడం నేర్పేవారు ‘వద్దు’ అనడం కూడా నేర్పుతున్నారా?

ఈ పోలికను మొదట గుర్తించింది ఆటిజం ఉన్నవారే. 1992లో అమెరికాలో ఆటిజం ఉన్నవారే నడిపే తొలి సంఘాల్లో ఒకదాన్ని స్థాపించిన జిమ్ సింక్లెయిర్, బిడ్డకు ఆటిజం ఉందని దుఃఖించే తల్లిదండ్రులను ఉద్దేశించి 1993లో రాసిన వ్యాసం ఆ ఉద్యమానికి పునాది అయింది. స్త్రీ పురుష విభజనలో తాను ఇమడనని సింక్లెయిర్ బహిరంగంగానే చెప్పారు. తరువాతి తరంలో నిక్ వాకర్ వంటివారు ‘న్యూరోక్వీర్’ అనే మాటను ప్రచారంలోకి తెచ్చారు. ఆస్ట్రేలియా హాస్య నటి హానా గ్యాడ్స్‌బీ స్వలింగ సంపర్కురాలిగా తన అనుభవాన్ని 2018 నాటి ‘నానెట్’లో, ఆటిజాన్ని 2020 నాటి ‘డగ్లస్’లో వేదికపై మాట్లాడి ఈ సంగతులను కోట్ల ఇళ్లకు చేర్చారు.

సత్యవంతులా, మొండివారా?

ఆటిజం ఉన్నవారంతా హరిశ్చంద్రులనే కొత్త పొగడ్త కూడా అంతే జాగ్రత్తగా చూడవలసినది. 2011లోనే వచ్చిన మరో అధ్యయనంలో, పొరపాటున ఎదుటివారికి హాని చేసిన వ్యక్తిని ఎంత తప్పుపట్టాలని అడిగితే, ఆటిజం ఉన్న పెద్దలు ఇతరుల కంటే ఎక్కువగా తప్పుపట్టారు. ఉద్దేశం నిర్దోషమైనా ఫలితాన్నే ఎక్కువగా చూశారు. నియమానికి కట్టుబడడంలో కరుణ తగ్గే ప్రమాదం ఉందని దీని తాత్పర్యం. మరోవైపు ఆటిజం ఉన్నవారికి సానుభూతి లేదన్న పాత మాట కూడా నిలవడం లేదు. బ్రిటన్ సామాజిక శాస్త్రవేత్త, స్వయంగా ఆటిజం ఉన్న డేమియన్ మిల్టన్ 2012లో ‘డబుల్ ఎంపతీ’ అనే భావనను ప్రతిపాదించారు. అపార్థం రెండు వైపులా ఉంటుందని, ఆటిజం లేనివారు కూడా ఆటిజం ఉన్నవారిని అర్థం చేసుకోవడంలో విఫలమవుతున్నారని ఆయన వాదన.

క్వీర్ జీవితంలో ఈ సత్యనిష్ఠ కొన్ని ఇబ్బందికర సందర్భాలను సృష్టిస్తుంది. అబద్ధం ఆడకూడదని నమ్మే యువకుడిని బంధువులు పెళ్లి గురించి అడుగుతారు. ‘ఇప్పుడే కాదు, చూద్దాం’ అని తప్పించుకునే విద్య మిగతావారికి తెలుసు. అతను మాత్రం తనకు మగవాళ్లంటేనే ఇష్టమని భోజనాల దగ్గర చెప్పేయవచ్చు. అది ధైర్యం అనుకోవడానికి లేదు. ఆ మాటకు వచ్చే పర్యవసానం అతనికి ముందుగా తట్టకపోయి ఉండవచ్చు. అంతకంటే చిక్కైనది స్నేహితుడి రహస్యం. ‘వాడు కూడా అలాంటివాడేనా’ అని ఎవరైనా సూటిగా అడిగితే, నిజం చెప్పడం ఒక ధర్మం, ఇతరుల గుట్టు కాపాడడం మరో ధర్మం. ‘ఆ సంగతి నేను చెప్పకూడదు’ అనే వాక్యం అబద్ధం కాదని ముందే మాట్లాడుకుని ఉంచుకోవడం ఇలాంటి చోట ఉపయోగం. లౌక్యాన్ని నియమంగా మార్చి చెబితే దాన్ని పాటించడం వారిలో చాలామందికి కష్టం కాదు.

తన గురించి తనకు తెలియదనే వాదన

అసలు ప్రమాదం ఈ గణాంకాలను వాడుకునే తీరులో ఉంది. ఆటిజం ఉంది కాబట్టి ఈ వ్యక్తి తన లింగ గుర్తింపు గురించి చెప్పేది గందరగోళమే అయి ఉంటుందన్న తర్కం ప్రభుత్వ నిర్ణయాల్లోకి పాకింది. 2023 ఏప్రిల్‌లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్ర అటార్నీ జనరల్ జారీ చేసిన అత్యవసర నిబంధన, జెండర్ మార్పు చికిత్సకు ముందు ఆటిజం పరీక్షను తప్పనిసరి చేసింది. పెద్దలకూ అది వర్తించేది. న్యాయస్థానం నిలిపివేసిన తరువాత మే నెలలో ఆ నిబంధనను వెనక్కి తీసుకున్నారు.

ఆటిజం పరీక్ష అనగానే కుట్ర అనుకోవలసిన పని లేదు. 2024 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో వెలువడిన కాస్ నివేదిక కూడా జెండర్ సేవల కోసం వచ్చే పిల్లలకు ఆటిజం వంటి పరిస్థితులు ఉన్నాయేమో చూడాలని సిఫారసు చేసింది. పిల్లల మొత్తం అవసరాలు తెలుసుకోవాలన్న కోణంలో అది సబబే. తేడా పరీక్ష తరువాత ఏం జరుగుతుందన్న దానిలో ఉంది. వాషింగ్టన్‌కు చెందిన జాన్ స్ట్రాంగ్ నేతృత్వంలో నిపుణులు కూర్చిన తొలి వైద్య మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. ఆటిజం ఉండడం జెండర్ చికిత్సకు అనర్హత కాదు. సమాచారాన్ని విడమరచి, బొమ్మలతోనో రాతపూర్వకంగానో ఇవ్వాలి, ఎక్కువ సమయం తీసుకోవాలి. ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పే బాధ్యతను ఆ మార్గదర్శకాలు వైద్యుడి మీద పెట్టాయి.

భారతీయ చట్టాల్లో రెండు దారులు

భారత్‌లో ఆటిజం తీవ్రతను కొలిచే అధికారిక సాధనం తెలుగు నేల మీదే తయారైంది. సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ రూపొందించిన ‘ఇసా’ అనే ఈ కొలమానంలో 40 అంశాలు ఉన్నాయి. కళ్లలోకి చూడకపోవడం, పలకరింపు నవ్వు లేకపోవడం అందులో మొదట వచ్చేవి. నిపుణుల పరిశీలనతో పాటు తల్లిదండ్రులు చెప్పే వివరాలు దీనికి ఆధారం. ముసుగు వేసుకోవడంలో ఆరితేరి, ముప్పై ఏళ్ల వయసులో తనకు తానుగా ఆటిజాన్ని గుర్తించిన వ్యక్తికి ఈ దారి ఇరుకు. ఆ వ్యక్తి క్వీర్ అయి, ఇంటితో మాటలు లేకుండా ఉంటే, బాల్యం గురించి చెప్పేందుకు తల్లిదండ్రులను పిలుచుకు రావడం ఇంకా కష్టం.

ఇంట్లో ఈ రెండు సంగతులకూ దొరికే మందు ఒకటే. ‘పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి’ అంటారు, మాట కలవని కొడుకు గురించీ, మగవారిని ఇష్టపడే కొడుకు గురించీ. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు అనే సామెత పుట్టిన సమాజం మనది. ఆ మందు ఫలితాన్ని అనుభవించేది తరచూ ఏమీ తెలియకుండా ఆ ఇంటికి వచ్చిన మరో మనిషి కూడా.

చట్టం ఈ విషయంలో ఇంటి కంటే ముందుంది. లింగ గుర్తింపును వ్యక్తి స్వయంగా నిర్ణయించుకునే హక్కును సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా తీర్పులో గుర్తించింది. 2018 సెప్టెంబర్ 6న పరస్పర అంగీకారంతో కూడిన స్వలింగ సంబంధాలను నేర పరిధి నుంచి తప్పించింది. సమాజంలో చెల్లుబాటయ్యే నైతిక, సాంస్కృతిక విలువలకు భిన్నంగా ఉన్నంత మాత్రాన మానసిక రోగిగా నిర్ణయించరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడో సెక్షన్ చెబుతోంది. లైంగికతను ‘నయం’ చేసే ప్రయత్నాలను మద్రాస్ హైకోర్టు 2021 జూన్‌లో నిషేధించింది. మరుసటి ఏడాది జాతీయ వైద్య కమిషన్ అటువంటి చికిత్సను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. స్వలింగ జంటల వివాహానికి మాత్రం సుప్రీంకోర్టు 2023 అక్టోబర్ 17న చట్టబద్ధత ఇవ్వలేదు.

ఆటిజం వైపు చట్టాలు రెండు దిక్కులు చూస్తున్నాయి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం ఆటిజం ఉన్న వ్యక్తికి 18 ఏళ్లు దాటిన తరువాత కూడా సంరక్షకుడిని నియమించమని తల్లిదండ్రులు స్థానిక కమిటీని కోరవచ్చు. మాట్లాడలేని, నిరంతరం తోడు కావలసిన బిడ్డ ఉన్న కుటుంబానికి అది ఊరట. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, ఆటిజాన్ని 21 రకాల వైకల్యాల్లో ఒకటిగా గుర్తిస్తూనే, జీవితంలోని అన్ని అంశాల్లో దివ్యాంగులకు ఇతరులతో సమానమైన చట్టపరమైన సామర్థ్యం ఉందని పదమూడో సెక్షన్‌లో చెప్పింది. అవసరమైన చోట పరిమిత సంరక్షణను, అదీ ఉమ్మడిగా నిర్ణయాలు తీసుకునే పద్ధతిలో, అనుమతించింది. తనకు నచ్చిన వ్యక్తితో వేరే ఊళ్లో ఉంటానని చెప్పే ఇరవై అయిదేళ్ల ఆటిజం ఉన్న యువతి విషయంలో ఏ చట్టాన్ని ముందు చదువుతారన్నది చాలా తేడా తెస్తుంది.

అలాంటి కేసులు సాధారణంగా హెబియస్ కార్పస్ రూపంలో హైకోర్టుల ముందుకు వస్తాయి. క్వీర్ వ్యక్తులను ఇంట్లో నిర్బంధించారన్న పిటిషన్లలో ఎలా నడుచుకోవాలో సుప్రీంకోర్టు 2024 మార్చిలో కేరళ కేసు ఒకదానిలో మార్గదర్శకాలు ఇచ్చింది. గుర్తింపును మార్చుకోమని నచ్చజెప్పే కౌన్సెలింగ్‌కు పంపవద్దని, ఆ వ్యక్తితో కుటుంబ ఒత్తిడి లేకుండా ఏకాంతంగా మాట్లాడి అసలు కోరిక తెలుసుకోవాలని న్యాయమూర్తులకు సూచించింది. ఆ ఏకాంత గదిలో, అపరిచితుడైన న్యాయమూర్తి ముందు, నోటితో మాట రాని స్థితి ఆటిజం ఉన్నవారికి కొత్త కాదు. దివ్యాంగుల హక్కుల చట్టం పన్నెండో సెక్షన్ ఇక్కడ అక్కరకు వస్తుంది. దివ్యాంగుల సాక్ష్యాన్ని, అభిప్రాయాన్ని వారికి నచ్చిన భాషలో, నచ్చిన మార్గంలో నమోదు చేసే సదుపాయాలు ఉండాలని అది ప్రభుత్వాన్ని ఆదేశిస్తోంది. ఆ యువతి తరఫు న్యాయవాది ఈ రెండింటినీ కలిపి చదివి వినిపిస్తే, ఆమె తన సమాధానాన్ని నిదానంగా ఫోన్‌లో టైప్ చేసి న్యాయమూర్తికి చూపించవచ్చు.